తమ్ముడు రాసిన సోమ్లి

లచ్చిరాం రాసిన నవలకు బహుమతి వచ్చిన సంగతి రూప్‌సింగ్ తండాకు ఏడాది ఆలస్యంగా తెలిసింది. భద్రాచలం నుంచి చర్ల పోయే దారిలో బస్సు దిగి, పోలీసు క్యాంపు దాటి, అడవిలో మూడు మైళ్ళు నడిస్తే ఆ తండా వస్తుంది. 1991 వేసవిలో బంధువుల పెళ్ళికి వచ్చినప్పుడు లచ్చిరాం తనే ఆ మాట చెప్పాడు. సంచిలోంచి ఒక ప్రతి తీసి అంగన్‌వాడీ టీచర్ పున్నమ్మకు ఇచ్చాడు. తండాలో ఉండే పెద్దవాళ్ళలో పుస్తకం చదవగలిగింది అప్పటికి ఆమె ఒక్కతే.

అక్క సోమ్లికి అట్ట మాత్రం చూపించాడు. అట్ట మీద ఒక గుంజ, ఆ గుంజకు వేలాడుతున్న తాడు బొమ్మ ఉన్నాయి.

"పేరేంది?" అంది సోమ్లి.

"పలుపు."

"గొడ్ల ముచ్చటనా?"

లచ్చిరాం నవ్వాడు. "కాదక్కా. ఒక ఇంటి ముచ్చట. కష్టాలల్ల మునిగిన ఇల్లు."

సోమ్లి పుస్తకాన్ని రెండు చేతులతో అందుకుని, కళ్ళకద్దుకుని తిరిగి ఇచ్చింది. తమ్ముడు ఖమ్మంలో సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఖానాపురం హవేలిలో కిరాయి ఇంట్లో భార్యాపిల్లలతో ఉంటాడు. తండా నుంచి డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి. వాడు చదివినన్నాళ్ళూ ఆమె తునికాకు కోసింది, ఇతరుల పొలాల్లో నాట్లు వేసింది. ఆ పుస్తకంలో తన కష్టం కూడా కొంత ఉందని ఆమెకు అనిపించింది. పెళ్ళి పందిట్లో ఎదురైన ప్రతివాళ్ళకూ, మా తమ్ముడు పుస్తకం రాసిండు అని చెప్పుకుంది.

పదిహేను రోజులకు పున్నమ్మ మారిపోయింది. ఆమెది సత్తుపల్లి వైపు ఊరు. ఉద్యోగం కోసం తండాలో ఒంటరిగా ఉండేది. రోజూ మధ్యాహ్నం సోమ్లి ఇంటికి వచ్చి మజ్జిగ తాగి, కాసేపు కూర్చుని పోయేది. రావడం మానేసింది. నాలుగు రోజులు చూసి సోమ్లే మజ్జిగ తీసుకుని వెళ్ళింది. పున్నమ్మ గిన్నె అందుకుంది కానీ మొహంలోకి చూడలేదు.

"మా తమ్ముని పుస్తకం సదివినవా టీచరమ్మా?"

"చదివాను."

"ఎట్లుంది?"

"బాగుంది. బాగా రాశాడు."

"మరి నా దిక్కు సూస్తలేవేంది?"

పున్నమ్మ గిన్నె పక్కన పెట్టింది. "అందులో ఒక అక్క ఉంది సోమ్లీ," అని ఆగిపోయింది.

"ఏం జేసింది ఆమె?"

"కథలో ఎవరో ఏదో చేస్తారు. మనకెందుకులే."

చదివి వినిపించమంటే తీరిక లేదంది. మరోసారి అడిగితే పుస్తకం కనిపించడం లేదంది. సోమ్లికి అబద్ధం అర్థమైంది కానీ అందులో ఏముందో అర్థం కాలేదు.

ఆ వానాకాలం పెద్దవాళ్ళకు చదువు చెప్పే ఉద్యమం జిల్లా అంతా నడిచింది. తండాలో ఆ బాధ్యత పున్నమ్మ మీదే పడింది. తునికాకు కళ్ళం దగ్గరి రేకుల షెడ్డులో మధ్యాహ్నం పూట తరగతి పెట్టింది. పద్దెనిమిది మంది ఆడవాళ్ళ పేర్లు రాసుకుంది. విత్తనాల పని మొదలయ్యేసరికి పదకొండు మంది మానేశారు, కోతలకు ఇంకో నలుగురు మానేశారు. సోమ్లి ఒక్క రోజు కూడా మానలేదు. ముప్పై ఏడేళ్ళ మనిషి పలక ఒళ్ళో పెట్టుకుని, పెదాలు కదిలిస్తూ, ఒత్తులు దిద్దుతుంటే తోటివాళ్ళు నవ్వేవారు. భర్త దేవ్‌సింగ్ కూడా నవ్వాడు. "గీ వయసుల నౌకరి జేస్తవా?" అన్నాడు. ఆమె తల ఎత్తకుండా దిద్దుకుంటూనే ఉంది.

చలికాలానికి వాచకం పూర్తయింది. పోలీసు క్యాంపు ముందున్న బోర్డును ఆగకుండా చదివిన రోజున ఆమె నేరుగా పున్నమ్మ గుడిసెకు వెళ్ళి చెయ్యి చాపింది.

పున్నమ్మ ట్రంకు పెట్టె తెరిచి పుస్తకం తీసింది. "చదివాక నన్ను తిట్టుకోవద్దు" అంది.

సోమ్లి ఆ నవలను జొన్నచేలో మంచె మీద కూర్చుని చదివింది. రోజుకు ఒక పేజీ, ఒక్కోసారి నాలుగు వాక్యాలే. వేలు కింద పెట్టి, అక్షరం అక్షరం పైకి పలికి, వాక్యం అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి చదివేది. చిలకలు వాలితే లేచి అదిలించి, వేలు పెట్టిన చోటు పోగొట్టుకుని, వెతుక్కుని మొదలుపెట్టేది. మొదటి ముప్పై పేజీలు ఆమెకు పండగలా ఉన్నాయి. తమ తండా ఉంది, తమ వాగు ఉంది, తెల్లవారకముందు ఇప్పపువ్వు ఏరడానికి పోయే ఆడవాళ్ళు ఉన్నారు. తమ కుంటి ఎద్దు కూడా ఉంది. పేర్లు మారాయి. తండ్రి బద్యాకు ఇంకేదో పేరు పెట్టాడు కానీ కల్లు తాగి వచ్చి గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కునే తీరు బద్యాదే. తల్లి రూప్లి చింతపండు నానబెట్టి చేసే చారు వాసన కూడా రాశాడు. పద్దెనిమిదేళ్ళ కిందట పోయిన తల్లి, తమ యాడి, మంచె మీదికి వచ్చి పక్కన కూర్చున్నట్టు సోమ్లికి అనిపించింది.

ముప్పై ఎనిమిదో పేజీలో గంసి వచ్చింది. గంసి ఆ ఇంటి పెద్దకూతురు. ఆమె గురించి వాడిన ఒక మాట సోమ్లికి తెలియలేదు. తరగతికి వెళ్ళినప్పుడు అడిగింది.

"నిర్దయ అంటే ఏంది టీచరమ్మా?"

"దయ లేకపోవడం."

"మనిషినంటరా, పనినంటరా?"

"రెంటినీ అంటారు."



నవలలో తల్లికి మతి చెడుతుంది. గంసి ఆమెను పలుపుతాడుతో గుంజకు కట్టేస్తుంది. గొడ్డుకు కుడితి పెట్టినట్టు గిన్నె ముందుకు తోసి పోతుంది. తమ్ముడు మోహన్ మాత్రం రోజూ తల్లి పక్కన కూర్చుని, అంబలి తాగించి, కాలి పుండుకు పసుపు రాస్తాడు. పెళ్ళి కుదిరిన గంసికి తల్లి అడ్డమవుతుంది. ఒక వాన రోజు పనికి పోతూ, కావాలనే తాడు ముడి వదులు చేసి, తలుపు తెరిచి వెళ్ళిపోతుంది. తల్లి వాగులో పడి చచ్చిపోతుంది. తండ్రి గంసిని కొడుతుంటే మోహన్ అడ్డం పడి, తన అక్కను క్షమించమని వేడుకుంటాడు.

మొదటి నుంచి ఇక్కడిదాకా చదవడానికి సోమ్లికి నాలుగు నెలలు పట్టింది. జొన్న కోత అయిపోయింది, ఇప్పపువ్వు రాలింది, తునికాకు కోత వచ్చింది. ఆకు కట్టలు కట్టి, మిగిలిన పొద్దులో చెట్టు కింద కూర్చుని చదివింది. నూట పన్నెండో పేజీలో వాగు ఘట్టం అయిపోయాక పుస్తకం మూసి దాని మీద రాయి పెట్టింది.

జరిగింది వేరు. 1973లో ఒకే జ్వరంలో రూప్లికి ఇద్దరు చంటిపిల్లలు పోయారు. అప్పటి నుంచి ఆమె పిల్లలను వెతుక్కుంటూ అడవిలోకి నడిచిపోయేది. మొదటిసారి పోయినప్పుడు రెండు రోజుల తర్వాత కోయగూడెం నుంచి భీమక్క అనే ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. రెండోసారి వాగు మధ్య బండ మీద దొరికింది. అప్పుడు సోమ్లికి పంతొమ్మిదేళ్ళు. బద్యా తాగి పడిపోయేవాడు. కూలికి పోకపోతే పొయ్యి వెలగదు. ఆమె యాడిని గుంజకు కట్టింది. అది నిజం. కానీ పలుపుతో కట్టలేదు. పలుపు ఒరుసుకుంటే కాలు పుండవుతుందని తన పాత పేటియా లంగాను పీలికలుగా చింపి, మెత్తగా పేని, దానితో కట్టింది. రాత్రి గుంజ నుంచి విప్పి, ఆ కొసను తన కాలికి కట్టుకుని పడుకునేది.

లచ్చిరాం అప్పుడు ఇంట్లో లేనే లేడు. ఆశ్రమ పాఠశాలలో ఉన్నాడు. ఆ శ్రావణంలో పిల్లలకు గజ్జి లేచిందని వారం రోజులు ఇళ్ళకు పంపిస్తే వచ్చాడు. పదమూడేళ్ళవాడు. సోమ్లి నాట్లకు పోతూ, "యాడిని సూసుకో, ఏమన్నా ఇప్పకు" అని చెప్పి పోయింది. యాడి, "కాలు నొస్తుంది బిడ్డా" అంది. వాడు విప్పాడు. కాసేపు కూర్చుని, పీతలు పట్టడానికి పొలం గట్ల వెంట పోయాడు. సాయంత్రం వచ్చి చూస్తే గుంజ దగ్గర ఎవరూ లేరు.

మూడో రోజు వాగు కింది మలుపులో రూప్లి దొరికింది. బద్యా గొడ్డలి కామ పట్టుకుని తాడు ఎవరు విప్పారని అడిగాడు. లచ్చిరాం నీళ్ళ గాబు వెనక నిలబడి ఉన్నాడు. లాగు తడిసిపోయి ఉంది. తండా అంతా చూస్తుండగా సోమ్లి, "నేనే. పొద్దుగాల పోయేటప్పుడు కట్టుడు మర్సిన" అంది. ఆ దెబ్బలకు ఆమె ఎడమ మణికట్టు వంకర పోయి అలాగే అతుక్కుంది. కుదరబోతున్న సంబంధం తప్పిపోయింది. తల్లిని కట్టెయ్యడం మరిచిన పిల్ల అని కొందరు, మరిచిందో లేదో అని కొందరు మాట్లాడుకున్నారు. దేవ్‌సింగ్ చేసుకునేదాకా ఆమెకు నాలుగేళ్ళు పెళ్ళి కాలేదు. అసలు సంగతి ఆమె దేవ్‌సింగ్‌కు కూడా చెప్పలేదు.

రాయి కింద పెట్టిన పుస్తకాన్ని ఆమె మళ్ళీ తీసింది. చదువుతుంటే కోపం కన్నా ముందు ఇంకొకటి పొడిచింది. తొంభై ఆరో పేజీలో గంసి జొన్నలు విసురుతూ, ఇది చచ్చిపోతే బాగుండు అని తల్లి గురించి అనుకుంటుంది. సోమ్లి అలా అనుకున్న రోజులు ఉన్నాయి. ఒకటి రెండు కాదు. నాట్ల నుంచి వచ్చి, యాడి ఒళ్ళు కడిగి, మలం ఎత్తి, పొయ్యి ముందు కూలబడిన సాయంత్రాలు కొన్ని. ఆ మాట ఆమె ఎప్పుడూ పైకి అనలేదు, తనలో తను కూడా పూర్తిగా అననియ్యలేదు. వాడికి ఎలా తెలిసింది? లోపలి మాట ఉన్నదున్నట్టు పట్టుకున్నవాడు, తాడు సంగతి ఎందుకు తిప్పి రాశాడు? నిజాన్ని తెచ్చి అబద్ధం పక్కన కట్టేస్తే చదివేవాళ్ళకు రెండూ నిజమే అవుతాయి కదా. పున్నమ్మకు అలాగే అయింది.

దేవ్‌సింగ్‌కు ఆ వారమే చెప్పింది. విప్పింది ఎవరో కూడా చెప్పింది.

"పొయిల పెట్టు దాన్ని" అన్నాడు అతను.

"ఒకటి పెడితే ఏమైతది? అసొంటియి ఎన్ని అచ్చేసిన్రో."

"మరేం జేస్తవ్?"

"వాణ్ణి రానీ."

లచ్చిరాం 1993 ఫిబ్రవరిలో వచ్చాడు. ఒంటరిగా రాలేదు. వెంట ఖమ్మం నుంచి ఒక రిటైర్డు తెలుగు లెక్చరర్, హైదరాబాదులో ఆ నవల మీద పరిశోధన చేస్తున్న ఒక మేడం ఉన్నారు. నవల పుట్టిన చోటు చూడాలని వచ్చారట. మేడం భుజానికి టేపురికార్డరు, మెడలో కెమెరా ఉన్నాయి. క్యాంపు దగ్గర ఆపి సంచులు వెతికారనీ, పుస్తకం చూపిస్తే వదిలేశారనీ లెక్చరర్ నవ్వుతూ చెప్పాడు.

సోమ్లి కోడిని కోసింది, రొట్టెలు చేసింది. ఇంటికి వచ్చినవాళ్ళకు చెయ్యాల్సింది ఏదీ తక్కువ చెయ్యలేదు. లచ్చిరాం మామూలుగా ఇంట్లో లంబాడీలోనే మాట్లాడతాడు. ఆ రోజు వచ్చినవాళ్ళు వినాలని ఆమెతో కూడా తెలుగే మాట్లాడాడు.

భోజనాలయ్యాక లెక్చరర్ అడిగాడు. "ఆ గుంజ ఇంకా ఉందా లచ్చిరాం గారూ?"

పాత ఇల్లు కూలి పదేళ్ళు దాటింది. లచ్చిరాం ఒక క్షణం ఆగి, కొట్టం వైపు నడిచాడు. మధ్య గుంజ మీద చెయ్యి వేసి, "ఇదేనండి" అన్నాడు. మేడం దగ్గరికి వెళ్ళి ఆ కర్రను మెల్లగా తాకింది. ఆమె కళ్ళు చెమర్చాయి. లచ్చిరాంను పక్కన నిలబెట్టి ఫోటో తీసింది. తర్వాత సోమ్లి వైపు తిరిగి, చాలా మర్యాదగానే, "మీరేనా గంసి?" అంది.

లచ్చిరాం చటుక్కున, "అక్కకు చదువు రాదు మేడం. ఆమెకు ఇవన్నీ తెలియవు" అన్నాడు.

సోమ్లి చేతులు తుడుచుకుంది.

"ఆ గుంజ నా పెనిమిటి నాటింది. నాలుగేండ్లాయె. యాడి పోయి ఇరవయ్యేండ్లు" అంది. "నీ పుస్తకం నేను సదివిన లచ్చిరాం. ముప్పై ఎనిమిదో పేజీ కాడ గంసి వస్తది. కండ్లల్ల తడి లేని మనిషి అని రాసినవ్. నిర్దయ అని రాసినవ్."

లెక్చరర్ సంతోషపడ్డాడు. "మీరు చదివారా అమ్మా? ఎంత మంచి మాట. మీ అభిప్రాయం చెప్పండి" అన్నాడు. మేడం టేపురికార్డరు మీట నొక్కింది.

"పుస్తకం పేరే తప్పు" అంది సోమ్లి. "నేను పలుపుతోటి కట్టలే. నా పేటియా చింపి పేనిన. కాలు ఒరుసుకోవద్దని. నువ్వు సూసినవ్ దాన్ని. చేతుల పట్టుకున్నవ్ గూడ."

"అక్కా, అది నవల. గంసి నువ్వు కాదు."

"కాకపోతే ఈమె నన్నెందుకు అడిగింది మీరేనా అని?"

సోమ్లి ఆపలేదు. ఆమె గొంతు పెరగలేదు, తరగతిలో అప్పజెప్పినట్టే చెప్పింది.

"యాభై ఒకటో పేజీల మోహన్ యాడికి అంబలి తాపిచ్చిండు. డెబ్బై మూడుల పసుపు రాసిండు. నువ్వు హాస్టల్ల ఉన్నవ్. నువ్వు వచ్చింది ఏడు దినాలు. ఏడు దినాలల్ల ఒక్కసారన్న గిన్నె పట్టినవా? నేను జేసిందంత మోహన్‌కు పెట్టినవ్. మోహన్ జేసింది నాకు పెట్టినవ్."

లెక్చరర్ సర్దబోయాడు. "చూడమ్మా, రచయిత జీవితంలోంచి తీసుకుని మార్చుకుంటాడు. ఒకరి బాధను ఇంకొకరిలో పెడతాడు. అది కళ. మీరు దాన్ని వాంగ్మూలంలా చూడకూడదు."

"సారూ, పేర్లు మార్చిండు. కుంటెద్దును మార్చలే. మా బాపు చెప్పులు మార్చలే. వాగు మార్చలే. తాడు ఎవరు ఇప్పిన్రో అదొక్కటే మార్చిండు. అది కళనా?" ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "తాడు ఎవరు ఇప్పిన్రో నువ్వు చెప్పు. ఈళ్ళు ఇంత దూరం గదే సూడొచ్చిన్రు."

లచ్చిరాం లంబాడీలో, వీళ్ళ ముందు వద్దక్కా, అన్నాడు. చాలా చిన్న గొంతుతో అన్నాడు.

సోమ్లి తెలుగులోనే, "పుస్తకం అందరి ముందట రాసినవ్ గద" అంది.

మేడం టేపురికార్డరు ఆపేసింది. ఆమెకు అర్థమైందో లేదో కానీ, ఆ తర్వాత గుంజ వైపు చూడలేదు. లెక్చరర్ వాచీ చూసుకుని బస్సు వేళయిందన్నాడు. అందరూ లేచారు. సోమ్లి నీళ్ళ చెంబు ఇచ్చింది, వెళ్ళొస్తామంటే తల ఊపింది.

వాళ్ళను బస్సు ఎక్కించి లచ్చిరాం వెనక్కి వచ్చాడు. పొద్దు వాలుతోంది. దేవ్‌సింగ్ గొడ్లను తోలుకురావడానికి వెళ్ళాడు. అక్కాతమ్ముడూ ఇద్దరే ఉన్నారు. లచ్చిరాం అరుగు మీద కూర్చోలేదు, నిలబడే మాట్లాడాడు. ఇప్పుడు లంబాడీలోనే మాట్లాడాడు.

"నువ్వే చెప్పినవ్ గద అక్కా. తండా ముందట నిలబడి నేనే ఇప్పిన అన్నవ్. నేను చెప్పమన్ననా? నువ్వు చెప్పిందే నేను రాసిన."

"మర్సిన అని చెప్పిన. కావాలని ఇడిసిన అని చెప్పలే. పెండ్లి కోసం యాడిని సంపిన అని చెప్పలే."

"మర్సింది అని రాస్తే నవల నిలబడదు."

అన్నాక ఆ మాట ఎలా ఉందో వాడికే తెలిసినట్టుంది. నేల చూశాడు.

"పిల్లగాడు ఇప్పినట్టే మొదలు రాసిన" అన్నాడు కాసేపటికి. "మూడుసార్లు రాసిన. రాసినప్పుడల్ల జరమొచ్చింది. చింపేసిన. ఆడే ఇప్పినోడైతే ఇంక ఈ కథ చెప్పేటోడు ఎవడు? ఆని మాట ఎవరింటరు?"

"అయితే చెప్పకుండ ఉండాలె."

"నాకు అదొక్కటే కథ ఉంది అక్కా."

"నీది గాదు అది" అంది సోమ్లి. "ఆ దినం బాపు నిన్ను సంపుతడని నేను అబద్ధమాడిన. అది నీకు దాసుకొమ్మని ఇచ్చిన. ఇట్ల అచ్చేసి పంచమని ఇయ్యలే. ఇంట్ల చదువొచ్చినోళ్ళు లేరని రాసినవ్. నాకు చదువొస్తే రాసెటోనివా?"

లచ్చిరాం కొట్టం వైపు తిరిగాడు.

"మళ్ళ అచ్చేస్తరా దాన్ని?"

"రెండో ముద్రణ అడుగుతున్నరు."

"అండ్ల సరిజెయ్. పేర్లు అద్దు, నువ్వని రాయొద్దు. పిల్లగాడు ఇప్పిండు, ఆనికి తెల్వక ఇప్పిండు అని రాయ్. ఎవరు తిట్టరు. పదమూడేండ్ల పోరన్ని ఎవరు తిడ్తరు?"

రాస్తానని వాడు మాట ఇచ్చాడు. ఆమె చెయ్యి పట్టుకోబోతే ఆమె తియ్యలేదు, బిగించనూ లేదు. ఆ వంకర మణికట్టును పట్టుకుని కాసేపు నిలబడి, చివరి బస్సుకు వెళ్ళిపోయాడు.

1994 వానాకాలంలో రెండో ముద్రణ వచ్చింది. పున్నమ్మ ఖమ్మం మీటింగుకు వెళ్ళినప్పుడు కొనుక్కొచ్చింది. ఇప్పుడు సోమ్లికి రోజుకు పది పేజీలు చదవడం వచ్చు. ఆమె నేరుగా నూట పన్నెండో పేజీ తీసింది. ఒక్క అక్షరం మారలేదు. గంసి ముడి వదులు చేసింది, తలుపు తెరిచింది, వెళ్ళిపోయింది.

మారింది మొదటి పేజీ. లచ్చిరాం కొత్తగా ముందుమాట రాశాడు. అందులో తన అక్క గురించి ఉంది. "అక్షరం ముక్క రాని మా అక్క, ఈ నవల చదవడం కోసమే చదువు నేర్చుకుంది. చదివి నన్ను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఒక రచయితకు ఇంతకు మించిన బహుమతి ఏముంటుంది?"

సోమ్లి ఆ మూడు వాక్యాలను రెండుసార్లు చదివింది. నూట పన్నెండో పేజీ మారనందుకు ఆమెకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. మాట ఇచ్చినప్పుడే వాడి చెయ్యి చల్లగా ఉంది. కానీ ఈ మూడు వాక్యాలు చదివాక ఆమెకు ఒళ్ళంతా మండింది. యాడి చావును రాసుకున్నాడు, తన వయసును రాసుకున్నాడు. ఆఖరికి ఆ పుస్తకాన్ని చదివి తనకు వచ్చిన కోపాన్ని కూడా వాడే తీసుకుని, కన్నీళ్ళుగా మార్చి, పైసా ఖర్చు లేని పొగడ్తగా మొదటి పేజీలో పెట్టుకున్నాడు.

"నేను ఏడ్సిన్నా టీచరమ్మా?" అంది.

"ఏడవలేదు. నాకు తెలుసు" అంది పున్నమ్మ. సోమ్లి అప్పటికే ఆమెకు అన్నీ చెప్పి ఉంది.

"మరి ఇది సదివినోళ్ళకు ఎట్ల తెలుస్తది?"



మరుసటి మధ్యాహ్నం సోమ్లి తరగతికి పుస్తకం తీసుకెళ్ళింది. ఆరుగురు ఆడవాళ్ళు వచ్చారు. అందులో రూప్లితో కలిసి ఇప్పపువ్వు ఏరిన ముసలి పూలి ఉంది. సోమ్లి నూట తొమ్మిదో పేజీ నుంచి నూట పదిహేనో పేజీ దాకా పైకి చదివింది. తప్పులు లేకుండా చదివింది. పుస్తకం మూసి, "గిది మా తమ్ముడు రాసింది. ఇప్పుడు జరిగింది చెప్తా" అని మొత్తం చెప్పింది. పేటియా తాడు, గజ్జి సెలవులు, పీతలు, గాబు వెనక తడిసిన లాగు, తను ఆడిన అబద్ధం. విసురుతూ అనుకున్న మాట కూడా దాచలేదు. అది తను అనుకున్నదే అని చెప్పింది.

పూలి తల వంచుకుంది. "నేను గూడ నిన్ను అనుమానపడ్డ బిడ్డా" అంది. "నీ పెండ్లి సంబంధం తప్పించింది నేనే. ఆ పిలగాని తల్లికి చెప్పింది నేనే."

ఆ సంగతి సోమ్లికి అప్పటిదాకా తెలియదు. ఆమె పూలిని ఏమీ అనలేదు. కానీ ఆ రోజు నుంచి పూలి ఇంటికి పోయి కూర్చోవడం మానేసింది. ముసలామె రెండుసార్లు కబురు పెట్టినా పోలేదు. కొన్ని కోపాలు ఆలస్యంగా వచ్చినా కోపాలే.

సంగతి వారంలో తండా అంతా పాకింది. తీజ్ పండక్కి లచ్చిరాం భార్యాపిల్లలతో వచ్చాడు. మొదటి రోజే నలుగురు పెద్దలు అతన్ని కూర్చోబెట్టి, తాడు నువ్వే విప్పావా అని అడిగారు. భార్య పక్కనే ఉంది. ఆమె తెలుసుకున్నది అప్పుడే. లచ్చిరాం అవ్ అన్నాడు. పెద్దలు తిట్టలేదు. పదమూడేళ్ళవాడికి ఏం తెలుస్తుందన్నారు. అప్పుడే చెప్పి ఉంటే అయిపోయేది కదా అన్నారు. మరి పుస్తకంలో అక్క మీద ఎందుకు పెట్టావని ఒకాయన అడిగాడు. లచ్చిరాం లేచి సంచి సర్దుకున్నాడు. పండగ పూర్తి కాకుండానే పిల్లలను తీసుకుని బస్సెక్కాడు. సోమ్లి సాగనంపడానికి వెళ్ళలేదు. పిల్లలకు పెట్టిన రొట్టెల మూట దేవ్‌సింగ్ చేతికిచ్చి పంపించింది.

తర్వాత అతను రాలేదు. ఉత్తరం ఒకటి వచ్చింది. మూడో ముద్రణ వెయ్యనివ్వనని ఉంది. అప్పటికే అది చాలామంది దగ్గర ఉందనీ, దాన్ని వెనక్కి తీసుకోవడం తన చేతుల్లో లేదనీ కూడా ఉంది. క్షమించమని అడగలేదు. అడగనందుకు సోమ్లికి కొంచెం నయమనిపించింది. అడిగి ఉంటే దాన్ని కూడా ఎక్కడో రాసుకుంటాడేమోనని ఆమె భయం.

"ఎప్పటికన్న మాట్లాడుతవా ఆనితోటి?" అని దేవ్‌సింగ్ ఒకరోజు అడిగాడు.

"గాబు ఎనక నిలబడ్డ పోరడైతే ఇప్పుడు గూడ ఆని కోసం అబద్ధమాడుత" అంది సోమ్లి. "ఈయన ఎవరో నాకు ఎరక లేదు."

జొన్నలకు మళ్ళీ చిలకలు మొదలయ్యాయి. ఆమె వడిసెల తీసుకుని మంచె ఎక్కింది. ఆ ఏడు చేను బాగా పండింది.